సున్నా పాయింట్ మూడు

ఉగాది వెళ్ళిన సోమవారం నుంచి
బెంజి సర్కిల్ దాటి లోపలికొచ్చే ప్రతి చిన్న కారూ
పొగని బట్టి సుంకం కట్టాలన్నారు.
స్తంభానికో కెమెరా, పక్కన నీలం బోర్డు,
బోర్డు మీద మూడే అంకెలు:
ఇరవై, అరవై, నూట యాభై.
"ముక్కు పిండి వసూలు చేస్తార్రా" అన్నాడు
టీ కొట్టు జానకిరామయ్య.
అందరూ నవ్వారు.
నాకు నవ్వు రాలేదు.
ఏ బండి ఏ అంకె కిందికొస్తుందో
రాసిచ్చేది నేనే.

పటమటలో పెట్రోలు బంకు మూల
నా పాత ఓమ్నీ, దాని ఒంటి మీద పసుప్పచ్చ అక్షరాలు:
ఇచ్చట పొగ పరీక్ష చేయబడును.
పదకొండేళ్ళు.
గొట్టంలో నా కడ్డీ దూరింది పదిట్లో మూడుసార్లు,
నిజం చెప్పాలంటే రెండు.
మిగతావాటికి నా వేళ్ళే మిషను.
నంబరు ప్లేటు ఫొటో తీసి
సున్నా పాయింట్ మూడు అని కొట్టేవాణ్ణి.
మంచి అంకె. ఎవరూ అనుమానించరు.
షోరూమ్ బండికీ అదే, తుప్పు బండికీ అదే,
పులిహోర ప్రసాదంలా
అందరి దోసిట్లోనూ ఒకే గరిటె.

అప్పుడది ఉత్త కాగితం.
ఇప్పుడు దానికి రేటుంది.

తెల్లారకముందే వరస.
వెనక సీటు నిండా చీరల మూటలేసుకుని
వస్త్రలత గుమాస్తా సీతాపతి,
సేఠు జీతంలో కోస్తాడని
నా చేతిలో వంద మడిచి పెడతాడు.
మంగళవారం, శుక్రవారం ఫిలోమినమ్మ.
పక్క సీట్లో ఆయన, కళ్ళు మూసుకుని,
చేతికి పాత సూది గుర్తులు.
గవర్నరుపేటలో రక్తం కడిగించుకు రావాలి.
"వారానికి రెండు నూట యాభైలు బాబూ,
నెలకెంతో నువ్వే లెక్కెయ్."
వేశాను.
కడ్డీ తియ్యలేదు.

ఆవిడ వెనకాలే లంకంత బండి ఒకటి,
బ్యాటరీది, పిల్లిలా వచ్చి పోయింది.
దానికి సుంకం లేదు.
దాని నీడలో నా ఓమ్నీ చక్రాలతో సహా మునిగి తేలింది.
దాని పొగ ఎక్కడికీ పోలేదులే,
ఇబ్రహీంపట్నంలో
ఆ ఎత్తు గొట్టాల్లోంచి వస్తుంది,
అక్కడ నా కడ్డీ అందదు.

ఇదంతా నాకు నేను చెప్పుకునే మాట.
బానే ఉండేది,
ఏసుపాదం రాకపోతే.

కంట్రోల్ రూమ్ దగ్గర గొడుగు కింద
పద్దెనిమిదేళ్ళుగా చెయ్యెత్తి నిలబడే మనిషి.
డ్యూటీ దిగి, టీ చెప్పి,
ముక్కుకి కట్టుకున్న రుమాలు విప్పి
నా బల్ల మీద పరిచాడు.
పొద్దున వాళ్ళావిడ ఇస్త్రీ చేసిచ్చిన తెల్ల రుమాలు.
నడిమధ్య రెండు నల్లటి చుక్కలు,
పక్కపక్కన,
ఎవరో కాటుక వేలితో అద్దినట్టు.
"దీనికెంతొస్తుందో చూసి చెప్పు కాలేషా!"
జోకే.
నవ్వాడు, దగ్గాడు,
మళ్ళీ నవ్వబోయి, దగ్గుతూనే
స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

రుమాలు మర్చిపోయాడు.

రాత్రి బంకు లైట్లు సగం ఆర్పాక
నా మారుతిని వెనక్కి తెచ్చాను.
గుణదల మెకానిక్ దగ్గర
పందొమ్మిది వేలకి కొన్న ఎనిమిదొందల బండి,
దానికీ ప్రతి ఆరు నెలలకీ
సున్నా పాయింట్ మూడు ఇచ్చుకున్నాను.
ఇంజను వేడెక్కనిచ్చి
కడ్డీ లోపలికి పెట్టాను,
దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసి.
అంకె ఆగలేదు.
ఒకటి దాటింది, రెండు దాటింది,
నాలుగు పాయింట్ ఆరు దగ్గర
ఆయాసపడి నిలబడింది.
ప్రింటరు పదకొండేళ్ళ అలవాటు తప్పినట్టు
కాసేపు కీచులాడి కాగితం కక్కింది.

రోడ్డు మీద గాలి లేదు.
రోహిణి కార్తె వేడికి
తారు ఇంకా మెత్తగానే ఉంది.

రేపు మంగళవారం.
ఆరున్నరకల్లా ఫిలోమినమ్మ వస్తుంది.
కడ్డీ తుడిచి పెట్టాను.
రుమాలు ఉతకలేదు, ఉతకొచ్చో లేదో తెలీక
మడిచి, ప్రింటరు మీద పెట్టాను.